కూర్మయ్య దిగిన చోటు

సాలూరు బైపాస్ మొగలో నగరేశ్వరరావుకు తాళ్ళు, టార్పాలిన్ల దుకాణం ఉంది. తండ్రి పెట్టింది. లోడు కట్టాలంటే తాడు కావాలి, వాన పడితే టార్పాలిన్ కావాలి. వాటికోసం వచ్చిన లారీవాడు కాసేపు బల్ల మీద కూర్చున్నాడంటే ఇన్సూరెన్స్ గోల రాక తప్పదు. ఒకరి కాగితాలు చదివిపెట్టి, ఇంకొకరి కోసం కంపెనీవాళ్ళతో వాదించిపెట్టి, ఎటూ ఈ తద్దినం తప్పదని చివరికి తనే ఏజెంటైపోయాడు. ఇప్పుడు ఊళ్ళో చాలా బండ్ల పాలసీలు ఆయన చేతిమీదుగానే వెళ్తాయి.

మనిషి మంచివాడే, నోరే కాస్త కరుకు. బండి గోతిలో పడ్డాక పాలసీ కోసం పరిగెత్తుకొచ్చేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. "ఇల్లు కాలినాక నుయ్యి తవ్వుతానంటే నేనేటి సేసేది" అంటాడు. కొత్తగా బండి కొన్నవాణ్ణి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, ఓనమాలు దిద్దించినట్టు చెప్తాడు. నీ బండి ఇంకొకణ్ణి గుద్దితే వాడికిచ్చేది థర్డ్ పార్టీ, అది లేకుండా రోడ్డెక్కడమే నేరం. నీ బండికే దెబ్బ తగిలితే వచ్చేది వేరు, దానికి వేరే కట్టాలి. స్టీరింగు పట్టిన యజమానికి ఏదైనా అయితే ఒకటి, జీతానికి నడిపే డ్రైవరుకైతే మరొకటి. ఇన్నీ కట్టి లైసెన్సో, ఫిట్‌నెస్సో, పర్మిటో ఒక్కటి గడువు దాటనిచ్చావా, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. అన్నిటికంటే ముందు పాలసీ మీద పేరూ బండి సొంతదారూ ఒకరే అయ్యుండాలి, ఆ మనిషి బతికుండాలి.

ఈ ఆఖరి మాట దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు కొంచెం తగ్గేది. తగ్గదూ మరి, ఆయన చేతిమీదుగానే ఒక చచ్చిపోయిన మనిషి పేరున ఏటేటా పాలసీ వెళ్తోంది.

ఆ మనిషి పేరు కూర్మయ్య. ఆయనది ఒక్కటే లారీ. రాయపూర్ వైపు వెళ్ళి సిమెంటో ఇనుమో వేసుకొచ్చేవాడు. నడిపేది బావమరిది దేవేంద్ర. కూర్మయ్య ఎడంపక్క సీట్లో కూర్చుని అంచు చూసేవాడు. సాలూరు దాటి ఒడిశా వైపు వెళ్ళే ఘాటీ రోడ్డులో అదే పెద్ద పని. మలుపు తిరిగేటప్పుడు ఎడమ చక్రం రోడ్డు మీద ఉందో గాల్లో ఉందో డ్రైవరుకు సరిగ్గా తెలియదు. పక్కనున్నవాడు తల బయటపెట్టి "రానీ... రానీ... ఆపు" అని చెప్పాలి. కూర్మయ్య ఆ పని కళ్ళు మూసుకుని చేసేవాడని చెప్పుకునేవారు. తక్కువ మాటల మనిషి. ఒక బీడీ దగ్గు, దాని వెనకాల "ఆఁ, ఔను". ఏమడిగినా అంతే, రెండో మాట ఉండేది కాదు.

ఒక చలికాలం తిరుగు ప్రయాణంలో గుండెల్లో బరువుగా ఉందని సీటు మీద వెనక్కి వాలాడు. ఘాటీ దిగినంతసేపూ దేవేంద్ర ధైర్యం చెప్తూనే ఉన్నాడు, బావ పలుకుతూనే ఉన్నాడు. సాలూరు ఆసుపత్రి ముందు ఆపి దింపబోతే ఒళ్ళు కర్రలా బిగిసి ఉంది. డాక్టరు చూసి, ఈయన పోయి చాలాసేపైంది, ఘాటీ పైనే పోయుంటాడన్నాడు. మరి దారంతా పలికిందెవరయ్యా అంటే దేవేంద్ర దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అప్పటినుంచి ఆ బండిలో ఎడంపక్క సీట్లో ఎవరూ కూర్చోరు. క్లీనర్ని కూడా పెట్టుకోలేదు. సీటు మీద కూర్మయ్య తువ్వాలు మడతపెట్టి ఉంటుంది, పక్కన ఆయన పాత బటన్ల ఫోను. ఆ ఫోనుకు ఛార్జింగు తగ్గనివ్వరు, రీచార్జి ఆపనివ్వరు. ఇదంతా ఆయన భార్య లక్ష్మణమ్మ పెట్టిన కట్టడి. బండిని ఆయన పేరు మీద నుంచి మార్చనివ్వనిదీ ఆవిడే.

"పేరు తీసేస్తే దిగిపోతాడు బాబూ" అంది మొదటి ఏడాది పాలసీకి వచ్చినప్పుడే. "ఆయన పేరున్నన్నాళ్ళూ బండిలోనే ఉంటాడు. మా తమ్ముడికి అంచు సెప్తాడు. నువ్వు రాసేది రాసీ, నానేటీ అడగను."

యజమాని పోతే మూడు నెలల్లో వారసుల పేరుకు మార్చుకోవాలనీ, చచ్చినవాడితో ఏ కంపెనీ ఒప్పందమూ చెల్లదనీ నగరేశ్వరరావుకు తెలియక కాదు. ఆవిడ మొహం చూస్తే నోరు పెగల్లేదు. ఈ ఒక్క ఏడూ కానిద్దాంలే అనుకున్నాడు. పై ఏడూ అదే అనుకున్నాడు. మొహమాటం మనిషి చేత ఎంత పని చేయిస్తుందో చూడండి.

ఒక్కటే చిక్కు ఉండేది. పాలసీ తిరిగి రాసే ముందు కంపెనీ నుంచి ఒకమ్మాయి సొంతదారు నంబరుకు ఫోను చేసి, ఫలానా మీరేనా అని అడుగుతుంది. ఔనంటేనే పాలసీ వస్తుంది. ఏటేటా వస్తూనే ఉంది. ఫోను బండిలోనే ఉంటుంది కాబట్టి దేవేంద్ర ఎత్తి బావ గొంతు పెట్టి మాట్లాడుతున్నాడని నగరేశ్వరరావు సరిపెట్టుకున్నాడు. తప్పే, కానీ నేను చెప్పి చేయించలేదు కదా అనుకున్నాడు.

కిందటేడు వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం దేవేంద్ర దుకాణంలో కూర్చుని తాళ్ళు ఏరుకుంటున్నాడు. రోడ్డు మీద పురుగు లేదు. బండి రోడ్డుకవతల నిలిపి ఉంది. తలుపులు బిగించి తాళం వేసి, ఆ తాళంచెవిని వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. అప్పుడు నగరేశ్వరరావు ఫోను మోగింది. కంపెనీ అమ్మాయి.

"సార్, కూర్మయ్యగారి రెన్యూవల్ అయిపోయింది. ఇప్పుడే మాట్లాడాను, కన్ఫర్మ్ చేశారు."

"ఎవరు చేశారమ్మా?"

"ఆయనే సార్. ఔను, నానే అన్నారు. బాగా దగ్గుతున్నారు పాపం, ఒంట్లో బాగాలేదా?"

నగరేశ్వరరావు ఫోను బల్ల మీద పెట్టాడు. ఎదురుగా దేవేంద్ర తాడు సాగదీసి గట్టితనం చూస్తున్నాడు.

"దేవేంద్రా, మీ బావ ఫోనెక్కడున్నాది?"

"బండిలో ఉన్నాది. ఏటి?"

"కంపెనీవాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా మాట్లాడతన్నది నువ్వే కదా?"

దేవేంద్ర తాడు వదిలేశాడు. "నానెందుకు మాట్లాడతాను సావుకారూ. ఆ ఫోను నాను ముట్టుకోను, లక్ష్మణమ్మప్ప ఊరుకోదు. మీరే ఎవురిసేతో సెప్పిస్తన్నారనుకున్నాను."

ఇద్దరూ రోడ్డవతలికి చూశారు. ఎడంపక్క అద్దం సగం దించి ఉంది.

"అద్దం నువ్వు దించావా?"

"మూసే వచ్చాను" అన్నాడు దేవేంద్ర. అని, ఏరిన తాళ్ళు భుజాన వేసుకుని లేచాడు. ఆ బండి దగ్గరికి భయంగా వెళ్ళలేదు. అలవాటైన ఇంట్లోకి వెళ్తున్నట్టే వెళ్ళాడు. నగరేశ్వరరావుకు అది చూస్తే ఇంకా భయం వేసింది.

ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. భార్య భాగ్యవతి ఏమైందని నాలుగుసార్లు అడిగితే అంతా చెప్పాడు. భాగ్యవతికి మొగుణ్ణి ఆటపట్టించడం సరదా. ఊళ్ళో వాళ్ళందరికీ ధైర్యం అమ్ముతారు, ఇంట్లో బల్లి పడితే ముందు బయటికి పరిగెత్తేది మీరే అంటుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

"సచ్చినోడి సేత ఔననిపించుకోడం కొరివితో తల గోక్కోడమే" అంది. "పేరు మార్పించండి. ఆవిడ కాళ్ళు పట్టుకునైనా మార్పించండి."

మర్నాడు నగరేశ్వరరావు లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోంది. ఫోను సంగతి చెప్తే ఆశ్చర్యపోలేదు. "ఉన్నాడని నాను సెప్పలేదేటి" అంది. ఇక లాభం లేదని ఆయన తనకు తెలిసిన విద్యే ఎత్తుకున్నాడు.

"నా మాట విను లక్ష్మణమ్మా. రేపు బండి ఎవరినైనా గుద్దిందనుకో, వాళ్ళు కోర్టుకెళ్తారు. కంపెనీ ఆరా తీసి, ఈ మనిషి ఎప్పుడో పోయాడు, మాకు సంబంధం లేదంటాది. అప్పుడు ఇచ్చుకోవలసింది నువ్వే. ఈ ఇల్లు పోతాది. బండి బోల్తా పడితే బండి పోతాది. దేవేంద్రకి ఏదైనా అయితే వాడి పెళ్ళాం పిల్లలకి ఏటీ రాదు. రెండు సంసారాలు ఆ ఒక్క బండి మీద బతుకుతన్నాయి."

లక్ష్మణమ్మ చేట పక్కన పెట్టింది.

"పడినాక ఏటొస్తాదో నువ్వు సెప్తన్నావు బాబూ. పడకుండా ఎవురు సూస్తన్నారో నాను సెప్తన్నాను."

అలాంటి పాలసీ నగరేశ్వరరావు దగ్గర లేదు. ఏ కంపెనీ దగ్గరా లేదు. ఆయన తల వంచుకుని, దేవేంద్ర చిన్నకూతురు ఈ ఏడే బళ్ళో చేరింది కదా అన్నాడు.  లక్ష్మణమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని బియ్యంలో రాళ్ళు ఏరింది.

"పిల్లల మాటెత్తినావు" అంది. "మార్చీ."

మార్చడానికి వర్షాలన్నీ పట్టాయి. మరణ ధ్రువపత్రమనీ, వారసుల పత్రమనీ, బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే బ్రేకు ఆఫీసు అనీ ఆయనే తిరిగాడు. బండి లక్ష్మణమ్మ పేరుకు వచ్చింది. పాలసీ లక్ష్మణమ్మ పేరుకు మారింది. ఆవిడకు లైసెన్సు లేదు గనక బండి నడిపే యజమానికిచ్చే కవరు అక్కర్లేదని తీయించి, జీతగాడిగా దేవేంద్రకు రావలసిన కవరు మాత్రం గట్టిగా పెట్టించాడు. బండి నుదుట కూర్మయ్య అని రంగుతో రాసి ఉన్న పేరు అలాగే ఉండనియ్యవచ్చని, చట్టం రంగు చూడదని ఆవిడకు చెప్పాడు.

"రంగు సూసి బండిలో ఎవురు కూకుంటారు బాబూ" అంది లక్ష్మణమ్మ.

కొత్త కాగితాలతో బండి మొదటిసారి బయల్దేరే ఉదయం ఆవిడ కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఎడంపక్క తలుపు తీసింది. సీటు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. ఫోను ఆపేసి కొంగున ముడేసుకుంది. తువ్వాలు తీసిన చోట సీటు ఇంత లోతున గుంటపడి ఉంది. నగరేశ్వరరావు చూశాడు. ఏళ్ళ తరబడి ఎవరూ కూర్చోని సీటు. పాత స్పాంజి కదా, అణిగిపోయుంటుందిలే అని తనకు తనే చెప్పుకున్నాడు.

"నాను దిగమనడం నేదు" అంది ఆవిడ ఆ గుంటతో. "పేరే మారింది. నీకు ఇష్టమైతే ఉండు."

బండి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే కబురు వచ్చింది. తిరుగుదారిలో, పొద్దెక్కినా వీడని మంచులో, ఘాటీ మలుపు దగ్గర ఎడమ చక్రం అంచు దాటి బండి లోయలోకి జారిపోయింది. దేవేంద్ర బతికాడు. కుడికాలు రెండుచోట్ల విరిగింది.

నష్టం అంచనా వేయడానికి కంపెనీ మనిషి వస్తున్నాడంటే నగరేశ్వరరావు తన స్కూటరు మీద ఘాటీకి వెళ్ళాడు. తుప్పల్లో బండి పల్టీ కొట్టి మళ్ళీ నిలబడినట్టుంది. ఇంజను ఒకవైపు, తలుపు ఒకవైపు. విచిత్రం, ఎడంపక్క సీటుకు గీత కూడా పడలేదు. ఆయన వంగి చూశాడు. సీటు చదునుగా, కొత్తదానిలా పొంగి ఉంది. గుంట లేదు. చేత్తో నొక్కితే అణిగి మళ్ళీ పైకి లేచింది. కంపెనీ మనిషి ఫొటోలు తీసుకుంటూ, ఇది బాగుచేయడానికి పనికిరాదు, మొత్తం పోయినట్టే, పూర్తి క్లెయిమ్ వస్తుందన్నాడు. నగరేశ్వరరావు తల ఊపాడు. 

వచ్చేటప్పుడు ఘాటీ పైన ఒక రాతిగట్టు దగ్గర స్కూటరు ఆపి నీళ్ళు తాగాడు. మంచు తగ్గలేదు. మళ్ళీ ఎక్కి స్టార్ట్ చేయబోతే వెనక చక్రం మీద స్ప్రింగు మూలిగింది, బండి కిందికి అణిగింది. చలికి ఒళ్ళు బిగుసుకుని అలా అనిపించిందేమో అనుకున్నాడు. సాలూరు దాకా ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు.

ఆసుపత్రిలో దేవేంద్ర కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. లక్ష్మణమ్మ పక్కన కూర్చుని ఉంది. దేవేంద్ర గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"ఘాటీ మీద, మా బావ పోయిన కాడ, ఎడంపక్క తలుపు తీసిన సప్పుడైనాది. మళ్ళీ ఏసిన సప్పుడైనాది. దిగినాడని నాకు తెలిసిపోనాది సావుకారూ. ఆగాలనుకున్నాను. ఆగితే ఏటని అడగను? కిందికి దించుకున్నాను. ఇన్నేళ్ళూ ఎడంపక్క నాను సూడలేదు. సూడాల్సిన పని నేకపోయింది. మలుపుకాడ 'ఆపు' అంటాడని సూస్తన్నాను. అన్లేదు."

పేరు సరిగ్గా ఉంది గనక కంపెనీ కొర్రీలు పెట్టలేదు. బండికి రావలసింది వచ్చింది, దేవేంద్రకు రావలసింది వచ్చింది. ఆ మాట చెప్పడానికి నగరేశ్వరరావు వెళ్తే లక్ష్మణమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నువ్వు సెప్పినదంతా నిజమే బాబూ" అంది. "పడినాక రావాల్సినయ్యన్నీ వచ్చాయి." కొంగు ముడి విప్పి ఆ ఫోను చూసుకుని మళ్ళీ ముడేసుకుంది. "ఆయన కొండ మీద దిగిపోనాడు. అంత దూరం నడవలేడు. ఎవురి బండెక్కి వస్తాడో."

నగరేశ్వరరావు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. గబగబా బయటికి వచ్చేశాడు.

తర్వాత కొన్నాళ్ళకు స్కూటరు వెనక టైరు అరిగిపోయిందని షాపులో ఇస్తే మెకానిక్ తిప్పి చూసి నవ్వాడు. "మీరు ఒక్కరే కదా తిరిగేది సావుకారూ, వెనకాల ఎవుర్ని ఎక్కించుకు తిరగతన్నారేటి?" భాగ్యవతి ఆ స్కూటరు ఎక్కడం మానేసింది. ఎందుకని అడిగితే వెనక సీటు ఇరుకైపోయిందంది, అని తనే భయపడి నోరు మూసుకుంది. ఒకరోజు బైపాస్ దాటబోతుంటే చెవి పక్కన ఎవరో "ఆపు" అన్నారు. ఆయన బ్రేకు నొక్కాడు. ముందు చక్రానికి జానెడు దూరంలోంచి కంకర లారీ దూసుకుపోయింది. ఆ పూట ఆయన దుకాణం తెరవలేదు. భయమూ, కృతజ్ఞతా రెండూ కలిసొచ్చి ఏది ఏదో తెలియక బల్ల మీద కూర్చుని ఏడ్చాడు.

మళ్ళీ వేసవి వచ్చేసరికి ఆయన స్కూటరు పాలసీ గడువు వచ్చింది. ఊరందరికీ చెప్పేవాడు తనది మర్చిపోతాడా, ముందుగానే కట్టాడు. దుకాణానికి తాళం వేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో స్కూటరెక్కి కూర్చోగానే ఫోను మోగింది. అదే అమ్మాయి. ఎప్పుడూ మాట్లాడే మనిషేనని తెలిసినా పద్ధతి పద్ధతే కదా.

"సార్, నగరేశ్వరరావుగారేనా మాట్లాడేది?"

ఆయన నోరు తెరిచాడు. వెనకనుంచి, భుజం పక్కనుంచి, పొడిగా ఒక బీడీ దగ్గు వినిపించింది.

"ఆఁ, ఔను. నానే."

"థాంక్యూ సార్. కన్ఫర్మ్ అయ్యింది" అంది ఆ అమ్మాయి. ఫోను పెట్టేసింది.

రోడ్డు మీద పురుగు లేదు. నగరేశ్వరరావు వెనక్కి తిరిగి చూడలేదు. ఫోను జేబులో వేసుకున్నాడు. సీటు మీద కొంచెం ముందుకు జరిగి, వెనక చోటు చేసి, బండి స్టార్ట్ చేశాడు.